ఒకవైపే సంతకం

అప్పుపత్రం మీద వేలిముద్ర వేయించుకుని షావుకారు రైతు భూమిని కాజేసే కథ మనకు కొట్టినపిండి. అభ్యుదయ సాహిత్యం ఆ కథను ఎన్నో విధాల చెప్పింది, చెప్పి మంచిపనే చేసింది. కాని అదే రైతు, అదే కూలి, అదే వితంతువు ప్రభుత్వానికి పెట్టుకునే దరఖాస్తును గురించి మనవాళ్ళు అంతగా పట్టించుకోలేదు. అప్పుపత్రం శత్రువు చేతిలోకి పోయే కాగితమనీ, దరఖాస్తు సహాయం చేసేవాడి చేతిలోకి పోయే కాగితమనీ మనకొక నమ్మకం ఉన్నది. రెండింటి మీదా పడేది అదే వేలు, అదే సిరా. మొదటి కాగితం వల్ల ఏం పోతుందో మనకు తెలుసు. రెండో కాగితం వల్ల ఏం పోతుందన్నది ఈ వ్యాసంలో చర్చించదలచుకున్నాను.

ముందు మాటలు చూడండి. దరఖాస్తు, అర్జీ, దస్కతు, నిశాని: ఇవన్నీ పారసీ, అరబ్బీ రాజభాషల నుంచి దిగివచ్చినవే. తెలుగువాడు పొలంలో వాడుకునే మాటలు చాలావరకు తెలుగు మాటలే కాగా, ఏలికను అడుక్కునేటప్పుడు వాడే మాటలు మాత్రం ఏలిక భాషవి. హైదరాబాదు సంస్థానంలో 1884లో పారసీ స్థానాన్ని ఉర్దూ ఆక్రమించింది. దానివల్ల తెలంగాణా రైతుకు ఒరిగిందేమీ లేదు. తన గోడు ఎవడో రాస్తాడు, ఎవడో చదువుతాడు, నడుమ తాను నిశాని పెడతాడు. తాను చెప్పుకున్నదేమిటో తనకే తెలియని కాగితానికి తానే బాధ్యుడు. ఇది గుర్తుంచుకుంటే తరవాతి చరిత్ర అర్థం కావటం తేలిక.

బ్రిటిషు పాలనలోని తెలుగు జిల్లాలలో సహాయానికి ఒక పద్ధతి ఏర్పడటానికి 1876–78 నాటి ధాత కరువు కారణమయింది. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు ఆ కరువులో ఎంత నలిగాయో వేరే చెప్పనక్కరలేదు. రిచర్డ్ టెంపుల్ అనే దొర, పనిచేసే మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం చాలునని లెక్కగట్టిన కరువు అది. ఆ తరవాత 1880లో క్షామ కమిషను నివేదిక, దాన్ని అనుసరించి క్షామ నిబంధనావళి వచ్చాయి. ఆ నిబంధనల్లో పాఠకులు గమనించవలసిన విషయం ఒకటున్నది. ఆకలిగొన్నవాడు ‘‘నాకు ఆకలిగా ఉన్నది’’ అంటే ప్రభుత్వం నమ్మదు. నమ్మాలంటే పరీక్ష పెట్టాలి. రాళ్ళు కొట్టించటం ఒక పరీక్ష, ఇంటికి దూరాన ఉన్న పనిచోటికి నడిపించటం ఒక పరీక్ష. చచ్చేటంత ఆకలి ఉన్నవాడే ఇంత దూరం నడిచివచ్చి ఇంత తక్కువ కూలికి రాళ్ళు కొడతాడని సిద్ధాంతం. సంతకం అక్కరలేదు, అతని శరీరమే దరఖాస్తు.

సరిగ్గా ఆ రోజులలోనే, 1877లో, బెంగాల్‌లోని హుగ్లీలో విలియం హెర్షెల్ అనే మెజిస్ట్రేటు వేలిముద్రలు తీసుకోవటాన్ని కచేరీ వ్యవహారంగా మార్చాడు. రిజిస్ట్రేషను పత్రాల మీద తీసుకున్నాడు, జైలు ఖైదీల దగ్గర తీసుకున్నాడు, పింఛనుదార్ల దగ్గరా తీసుకున్నాడు. పింఛనుదారు చచ్చిపోతే అతని పేరు చెప్పి మరొకడు డబ్బు పట్టుకుపోతున్నాడని ఆయన అనుమానం. ఖైదీనీ పింఛనుదారునూ ఒకే సిరాడబ్బా ముందు నిలబెట్టటం కాకతాళీయమని నేననుకోను. ఇద్దరూ పాలకుడి దృష్టిలో మోసం చెయ్యగల మనుషులు. వేలిముద్ర శాస్త్రం ప్రపంచమంతా పాకటానికి పునాది పడింది మన దేశపు కచేరీలలోనే అని గర్వపడేవాళ్ళున్నారు. ఆ గర్వంలో పాలుపంచుకోవటానికి నాకు మనసొప్పదు.

స్వాతంత్ర్యం వచ్చాక మాట మారింది. సహాయం ధర్మం కాదు, ప్రజల హక్కు అన్నారు. రాజ్యాంగం 41వ అధికరణం వార్ధక్యంలో, జబ్బులో, అంగవైకల్యంలో ప్రభుత్వ సహాయాన్ని ఆదేశసూత్రంగా చేర్చింది. రాష్ట్రాలు ఒకటొకటిగా వృద్ధాప్య పింఛన్లు మొదలుపెట్టాయి. 1995 ఆగస్టు 15 నుంచి కేంద్ర ప్రభుత్వం నెలకు 75 రూపాయల పింఛను పథకం తెచ్చింది. తెలంగాణా రాష్ట్రం ఏర్పడిన ఏడాదే, 2014 నవంబరులో, ఆసరా పింఛన్లు వచ్చాయి. మొదట వెయ్యి రూపాయలు; 2019లో 2,016 రూపాయలు. ఇది సామాన్యమైన సంగతి కాదు. ముసలితల్లికి కొడుకు ముందు చెయ్యి చాచే అవసరం కొంత తగ్గింది. దాన్ని తేలిక చేసి మాట్లాడేవాడికి పల్లె గురించీ తెలియదు, బస్తీ గురించీ తెలియదు.

అయితే ఆ పింఛన్ల జాబితా ఒకసారి చదవండి. వృద్ధులు, వితంతువులు, వికలాంగులు, చేనేత పనివారు, గీత పనివారు, బీడీ కార్మికులు, హెచ్.ఐ.వి. రోగులు, బోదకాలు ఉన్నవారు, ఒంటరి మహిళలు. ఒక్కొక్క మాటా ఒక్కొక్క రహస్యం. ‘ఒంటరి మహిళ’ అని రాసి సంతకం పెట్టటమంటే, భర్త వదిలేశాడని ప్రభుత్వ కాగితం మీద ఒప్పుకోవటం. అది నిజమని మరొకడు ధ్రువీకరించాలి. ఆ మరొకడు సాధారణంగా మగవాడు, ఆ ఊరివాడు, రేపు ఆమెను వీధిలో చూసి నవ్వగలవాడు. ఫలానావారికి ఫలానా పద్దు కింద డబ్బు వస్తున్నదని జాబితా అంటిస్తే, ఆ పద్దు పేరే రోగం పేరు కావచ్చు. హెచ్.ఐ.వి. ఉన్నవారి సంగతి బయటపెట్టరాదని 2017లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చెయ్యవలసివచ్చింది. డబ్బున్నవాడు తన జబ్బును డాక్టరుకు మాత్రమే చెప్పుకుంటాడు. పేదవాడు దాన్ని గుమాస్తాకు, కంప్యూటరు పిల్లవాడికి, వరసలో వెనక నిలుచున్న వాళ్ళకు చెప్పుకుంటేగాని పింఛను రాదు.

సంతకం విషయంలో మరొక చిత్రం జరిగింది. 1990–91 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం ఉద్యమం సాగింది. వేలిముద్రలు వేసే ఆడవాళ్ళు పలకలు పట్టారు. ఆ చదువులోనుంచే దూబగుంట ఆడవాళ్ళు సారాకొట్టు మూయించటానికి నడిచారు, 1993 అక్టోబరు ఒకటి నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలయింది. ఆ ఉద్యమంలో పనిచేసినవాళ్ళను అడగండి: ఒక స్త్రీ మొదటిసారి తన పేరు తాను రాసుకున్నప్పుడు ఆమె ముఖం ఎలా ఉండేదో చెపుతారు. వేలిముద్ర నుంచి సంతకానికి నడక ఒక తరం పోరాటం. పదిహేనేళ్ళు తిరిగేసరికి పింఛన్ల దగ్గర స్మార్టు కార్డులు, తరవాత ఆధారు, రేషను దుకాణంలో మిషను వచ్చాయి. ‘‘సంతకం వద్దమ్మా, వేలు పెట్టు’’ అన్నారు. చదువుకున్న ఆడది మళ్ళీ వేలిముద్రలోకి వచ్చింది. పైగా గిన్నెలు తోమి, సిమెంటు కలిపి అరిగిపోయిన వేళ్ళను మిషను గుర్తుపట్టదు. మిషను కళ్ళకు అరగని వేళ్ళు కావాలి. అవి సాధారణంగా రేషనుబియ్యం అక్కరలేనివాళ్ళకు ఉంటాయి.

ఇప్పుడు మన ఎదుట జరిగిన దానికి వద్దాం. మియాపూరుకూ చందానగరుకూ మధ్య బొంబాయి రోడ్డు మీద మదీనాగూడ ఉన్నది. 2007లో శేరిలింగంపల్లి పురపాలకసంఘం హైదరాబాదు మహానగరంలో కలిసినప్పుడు ఇదీ కలిసింది. ఒకవైపు సాఫ్టువేరు ఉద్యోగుల అంతస్తుల ఇళ్ళు. ఆ ఇళ్ళలో అంట్లు తోమేవాళ్ళు, కాపలా కాసేవాళ్ళు, ఆ ఇళ్ళనే కట్టినవాళ్ళు ఉండే అద్దెగదులు మరొకవైపు. హైటెక్ సిటీ లోకానికి లెక్కలు రాసిపెడుతుంది. ఆ లెక్కగాళ్ళ పనిమనుషుల లెక్క ఎవరు రాస్తారంటే ప్రభుత్వం రాస్తుంది. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా రాష్ట్రమంతటా ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నారు. మహాలక్ష్మి, రైతు భరోసా, గృహజ్యోతి, ఇందిరమ్మ ఇళ్ళు, చేయూత అన్నింటికీ కలిపి ఒకే కాగితం. ఆ కొద్ది రోజులలో వచ్చినవి కోటీ పాతిక లక్షల పైచిలుకు. మదీనాగూడ వంటి చోట్ల ఆడవాళ్ళు పని ఎగ్గొట్టి వరసలలో నిలబడ్డారు. ఒకపూట జీతం పోయింది. ఇంటావిడ చేత మాట పడ్డారు.

ఆ కాగితంలో ఏమేమి అడిగారు? ఇంటి యజమాని పేరు, పుట్టినతేదీ, ఆధారు నంబరు, రేషనుకార్డు నంబరు, ఫోను నంబరు, వృత్తి, కులం. ఇంట్లో అందరి వివరాలు, వాళ్ళ ఆధారు నంబర్లు. గ్యాసు కనెక్షను, కరెంటు మీటరు, పాసుపుస్తకం. ఒక కుటుంబాన్ని విప్పి పరచటానికి ఇంతకంటే ఏం కావాలి? చివర సంతకమో వేలిముద్రో. కింద చింపి ఇచ్చే రసీదు ముక్క. నింపటం రానివాళ్ళకు పక్కనున్న చదువుకున్న కుర్రవాళ్ళు నింపిపెట్టారు. నేనూ కొన్ని నింపాను. నింపించుకున్నవాళ్ళలో ఒక్కరు కూడా ‘‘ఇదంతా ఎవరు చదువుతారు?’’ అని అడగలేదు. అడగకపోవటం అజ్ఞానం వల్ల కాదు. అడిగితే వెనక్కి నెడతారని తెలిసిన అనుభవం వల్ల. అడిగిందల్లా ఒకటే: ‘‘సారూ, తప్పు పడితే కేసయితదా?’’

తప్పు పడితే తనదే బాధ్యత అని ఆమెకు తెలుసు. కాగితం పడిపోతే ఎవరిది బాధ్యత?

ఇది ఊహించి అడిగిన ప్రశ్న కాదు. దరఖాస్తుల గడువు ముగిసి రెండురోజులయినా గడవకముందే, 2024 జనవరి 8న, మదీనాగూడకు ఎంతో దూరం లేని బాలానగర్ ఫ్లైఓవరు మీద ప్రజాపాలన దరఖాస్తులు గాలికి చెల్లాచెదరుగా పడి ఉండటం జనం చూశారు. కంప్యూటరులో ఎక్కించే పని బయటివాళ్ళకు అప్పగించారు. వాళ్ళ తరపున కాగితాలను మోటారు సైకిలు మీద తీసుకుపోతుంటే కట్ట విడిపోయింది. పత్రికలలో వచ్చింది, కొందరు ఉద్యోగులను సస్పెండు చేశారు. అంతటితో సంగతి మరుగున పడింది. పక్కనే ఉన్న హఫీజ్‌పేట పాయగా భూముల తగాదా చూడండి. 1958లో వేసిన దావా తాలూకు కాగితాలను ఇప్పటికీ కోర్టులలో విప్పి చదువుతున్నారు. భూమి కాగితం అరవైయేళ్ళు దాటినా పదిలం, బీదదాని కాగితం పదిరోజులు నిలవలేదు. కాగితానికి కూడా వర్గం ఉంటుందన్నమాట.

కట్ట విడిపోవటం పొరపాటు అని సరిపెట్టుకునేవాళ్ళుంటారు. కాగితం రోడ్డున పడితే కనిపిస్తుంది, ఏరుకోవచ్చు. కంప్యూటరులోనుంచి పడినవి కనిపించవు. 2017 మే నెలలో అంబర్ సిన్హా, శ్రీనివాస్ కొడాలి అనే పరిశోధకులు ఒక నివేదిక ప్రచురించారు. పింఛన్లకూ ఉపాధి హామీకీ సంబంధించిన నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో దాదాపు 13 కోట్ల మంది ఆధారు నంబర్లు ఎవరైనా చూడటానికి వీలుగా ఉన్నాయని వాళ్ళ అంచనా. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి, అందులో ఒకటి చంద్రన్న బీమా. మరుసటి ఏడు ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షా ముప్ఫైవేలకు పైగా లబ్ధిదారుల ఆధారు, కులం, మతం, బ్యాంకు ఖాతా వివరాలు బయటపడ్డాయి. కులం, మతం వారీగా ఇళ్ళు వెతుక్కోవటానికి వీలుండటం ఎంత ప్రమాదమో మన దేశంలో అల్లర్లు చూసినవాళ్ళకు వివరించాలా? ఆధారు నంబరును బహిరంగంగా ప్రచురించరాదని 2016 చట్టం చెపుతూనే ఉన్నది. చట్టాన్ని ఉల్లంఘించింది దొంగలు కాదు, చట్టాన్ని అమలు జరపవలసినవాళ్ళు.

2019 మార్చిలో వ్యవహారం మదీనాగూడకు పదికిలోమీటర్ల లోపలికే వచ్చింది. మాదాపూరులోని ఐటీ గ్రిడ్స్ అనే కంపెనీ మీద సైబరాబాదు పోలీసులు కేసు పెట్టారు. తెలుగుదేశం పార్టీ కార్యకర్తలు వాడే ‘సేవామిత్ర’ను తయారుచేసింది ఆ కంపెనీ. ఓటర్ల వివరాలతోపాటు ప్రభుత్వ లబ్ధిదారుల వివరాలు కూడా అందులోకి చేరాయని ఆరోపణ. ఆ పార్టీ దాన్ని ఖండించింది, ఎన్నికల ముందు కుట్ర అన్నది. ఎవరి మాట నిజమో తేల్చటం నా పని కాదు. ఇక్కడ చూడవలసింది ఆరోపణ స్వభావం. పింఛను కోసం ఇచ్చిన వివరం ఓటు కోసం పనికివస్తుందని రెండు పక్షాలకూ తెలుసు. ఎదుటివాడు అలా వాడుకుంటాడని రెండు పక్షాలూ నమ్ముతాయి. దరఖాస్తు పెట్టినవాడికి మాత్రం ఎవరూ ఆ సంగతి చెప్పలేదు.

ఇక్కడిదాకా చెప్పినవి కాగితం బయటికి పోవటాన్ని గురించి. లోపలే ఉండి చేసే చెరుపు మరొకటున్నది. 2014 ఆగస్టు 19న తెలంగాణాలో ఒకేరోజు సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. దూరాన ఉన్నవాళ్ళు పనులు మానుకుని, బస్సుల పైకెక్కి ఊళ్ళకు వచ్చి, ఇంట్లో లేకపోతే పేరు కొట్టేస్తారన్న భయంతో ఎన్యూమరేటరు కోసం ఎదురుచూశారు. తరవాత ‘సమగ్ర వేదిక’ అనే పద్ధతిలో అనేక శాఖల పట్టికలను ఒకదానితో ఒకటి కలిపి, పేరునుబట్టి చిరునామానుబట్టి మనుషులను సరిపోల్చి, ఎవరు పేదవారో ఎవరు కారో తేల్చటం మొదలుపెట్టారు. పేర్లు కలవటం మన దేశంలో ఎంత సులభం! రిక్షా తొక్కి బతికినవాడు పేరు కలిసి కారు యజమాని అయ్యాడు, అతని ఇంటికి రేషనుకార్డు దక్కలేదు. నోటీసు ఇచ్చి విచారించకుండా దాదాపు 19 లక్షల కార్డులు రద్దయిన విషయం సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. క్షేత్రస్థాయిలో మళ్ళీ విచారించవలసిందని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. ధాత కరువు నాడు రాళ్ళు కొట్టించి పరీక్షించారు. అక్కడ కనీసం పరీక్ష జరుగుతున్నట్టు పరీక్షింపబడేవాడికి తెలిసేది.

మనవాళ్ళలోనే ఒక వాదం వినిపిస్తుంది: ‘‘గోప్యత అనేది కడుపు నిండినవాళ్ళ గొడవ. ఇల్లే లేనివాడికి ఇంటి గుట్టేమిటి?’’ ఇది విప్లవకరంగా వినిపిస్తుంది. కాని ఇదే వాదాన్ని 2017లో సుప్రీంకోర్టులో చేసింది కేంద్రప్రభుత్వ న్యాయవాది. పేదలకు కూడు గుడ్డ ముఖ్యం, గోప్యత కాదని ప్రభుత్వం వాదించింది. తొమ్మిదిమంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న దాన్ని తోసిపుచ్చి గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ఆ తీర్పుకు మూలం ఒక తెలుగువాడి అసమ్మతిలో ఉన్నది. 1962లో ఖరక్ సింగ్ కేసులో, అర్ధరాత్రి పోలీసులు తలుపు తట్టటాన్ని కోర్టు కొట్టివేసింది గాని గోప్యత హక్కు లేదన్నది. రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావుగారు దానితో విభేదించి, గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో అంతర్భాగమని రాశారు. గోలక్‌నాథ్ తీర్పు వల్ల సుబ్బారావుగారి మీద మన పక్షంలో సదభిప్రాయం లేదు. ఆస్తి విషయంలో ఆయన వైఖరిని నేనూ సమర్థించను. అయినా, అర్ధరాత్రి పోలీసులు తట్టే తలుపులు ఆస్తిపరులవి కావు. ఆ మాట ఆయన గుర్తించారు, కొందరు అభ్యుదయవాదులు ఇంకా గుర్తించలేదు.

ఇంతకంటే గట్టి వాదం మరొకటున్నది. దాన్ని తేలికగా తోసెయ్యటానికి వీల్లేదు. జాబితాలు గోడల మీద రాయించింది మనమే గదా! ఉపాధి హామీ 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలయింది. మస్టరు రోలు ఊరందరి ముందు చదవాలని, సామాజిక తనిఖీ జరగాలని పట్టుబట్టింది కూలీలూ ఉద్యమాలూను. చచ్చినవాళ్ళ పేర్ల మీద బిల్లులు లాగిన సంగతులు అలాగే బయటపడ్డాయి. గోప్యత పేరు చెప్పి రేపు అధికారులు ఈ జాబితాలను దాచేస్తే నష్టపోయేది పేదలే. నిజమే. అయితే ఎవరు ఎవరి ముందు నగ్నంగా నిలబడాలన్నది ప్రశ్న. ఎంత ఖర్చయింది, ఎవరికి ఎంత ముట్టింది అన్నది ప్రభుత్వం చెప్పవలసిన లెక్క. దానికి పేరు, ఊరు, మొత్తం చాలు. ఆధారు నంబరు, బ్యాంకు ఖాతా, జబ్బు, కులం, భర్త వదిలేసిన తేదీ ఆ లెక్కలోవి కావు. ఊరివాళ్ళు చావడిలో వినటం వేరు, లోకంలో ఎక్కడో కూర్చున్నవాడు లక్షమంది వివరాలు ఒక్క క్షణంలో దించుకోవటం వేరు.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చింది కాదు. ఇంగ్లండులో 1697 చట్టం పేదసహాయం పొందేవాళ్ళు కుడిభుజం మీద ‘పి’ అక్షరం కుట్టుకు తిరగాలన్నది. 1810 దాకా ఆ చట్టం పోలేదు. అమెరికాలో 1939లో సహాయం పొందేవారి వివరాలు బయటపెట్టరాదని సామాజిక భద్రతా చట్టాన్ని సవరించారు. 1951లో, పేదలు మోసం చేస్తున్నారన్న గోల పుట్టించి, జాబితాలు చూడటానికి రాష్ట్రాలు అనుమతించవచ్చునన్నారు. అవినీతిని బయటపెట్టటానికి జాబితా తెరవటం ఒకటి, బిచ్చగాడని ముద్ర వెయ్యటానికి తెరవటం మరొకటి. అక్కడ జరిగింది రెండోది.

మన దేశంలో 2023 ఆగస్టులో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి, ప్రధానమైన బాధ్యతల అమలుకు పద్ధెనిమిది నెలల గడువిచ్చారు. ఈ చట్టాన్ని దరఖాస్తుదారు వైపు నుంచి చదివితే ఇలా ఉంటుంది. సబ్సిడీ, పింఛను వంటివాటి విషయంలో, తన దగ్గర ఇదివరకే ఉన్న వివరాలను ప్రభుత్వం కొత్తగా సమ్మతి అడగకుండానే వాడుకోవచ్చు. వివరాలు కాపాడని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వెయ్యవచ్చు. ఆ జరిమానా భారత సంఘటితనిధికి, అంటే సర్కారు ఖజానాకు జమ అవుతుంది. ఎవరి కాగితం పోయిందో ఆ మనిషికి పరిహారం ఇప్పించే ఏర్పాటు ఈ చట్టంలో లేదు. వివరాలిచ్చే పౌరుడికి మాత్రం విధులున్నాయి. ప్రభుత్వ గుర్తింపు పత్రాల కోసం ఇచ్చే వివరాలలో ముఖ్యమైనదేదీ దాచరాదు. తప్పితే పదివేల రూపాయల దాకా జరిమానా. నెలకు 2,016 రూపాయల పింఛను మీద బతికే మనిషికి అది అయిదు నెలల తిండి.

దరఖాస్తు ఫారం మీద, తెలుగులో, పెద్ద అక్షరాలలో నాలుగు మాటలు ఉండాలని మన సంఘాలు అడగవచ్చు: ఈ వివరం ఎందుకు, ఎవరు చూస్తారు, ఎప్పుడు చింపేస్తారు, పోతే ఎవరు జవాబుదారీ. కింద పుచ్చుకున్న అధికారి పేరు, సంతకం. తగనివాటికి జవాబు రాయకపోయినా దరఖాస్తు తిప్పికొట్టరాదన్న మాట కూడా ఉండాలి. ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు, కొంచెం సిరా చాలు. ఇన్నాళ్ళూ ఆ సిరా ఒకవైపే ఖర్చయింది.

మదీనాగూడ అద్దెగదులలో ఆ ప్రజాపాలన రసీదు ముక్కలు ఇప్పటికీ ఉన్నాయి, రేషనుకార్డుతోపాటు ప్లాస్టిక్ కవరులో, దేవుడి పటం వెనక. దరఖాస్తు ముట్టినట్టు మాత్రమే అందులో ఉన్నది.